టస్కనీ కొండల్లో సైకిల్ యాత్ర: మీ ఆరు రోజుల ప్లాన్‌లో మార్చాల్సినవి

మీ ప్రశ్న ఇది: భార్యాభర్తలిద్దరూ నలభై అయిదు దాటినవాళ్లు, శాకాహారులు. హైదరాబాద్‌లో వారాంతాల్లో 70-80 కి.మీ. తొక్కే అలవాటుంది. సెప్టెంబరు చివర్లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బయలుదేరి సియెనా, మోంతాల్చీనో, పియెంజా, మోంతెపుల్చానో చుట్టుకుని ఆరు రోజుల్లో తిరిగి ఫ్లోరెన్స్ చేరాలని అనుకుంటున్నారు. రోజుకు 90 కి.మీ., సామానంతా సైకిళ్ల మీదే. ఇది కుదురుతుందా, సైకిళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలా, తిండి ఎలా, మీ ఆవిడ ఈ-బైక్ తీసుకోవచ్చా అని అడిగారు.

ముందు అసలు విషయం. రోజుకు 90 కి.మీ. వద్దు. 45 చాలు, ఒక్కోరోజు ఇంకా తగ్గినా మంచిదే. మీకు శక్తి లేదని కాదు నేనంటున్నది. హైదరాబాద్‌లో మీరు తొక్కే 80 కి.మీ. వేరు, అక్కడి 80 కి.మీ. వేరు. గండిపేట వైపో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీదో తొక్కితే ఎత్తు పెద్దగా లెక్కలోకి రాదు. దక్షిణ టస్కనీలో మాత్రం ప్రతి కిలోమీటరుకు సగటున 15-20 మీటర్లు ఎక్కాల్సి వస్తుంది. 90 కి.మీ. అంటే దాదాపు 1500 నుంచి 1800 మీటర్ల ఎక్కుడు. అక్కడ ఆల్ప్స్‌లాంటి పెద్ద కనుమ ఏదీ లేదు కాబట్టి మ్యాప్ చూసినవాళ్లకు ఇది తట్టదు. రెండు వందల మీటర్లు ఎక్కుతారు, మొత్తం దిగిపోతారు, వాగు దాటగానే మళ్లీ ఎక్కుతారు. రోజంతా ఇదే వరస.

లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిలు, బ్యాగులు, నీళ్లు కలిపి 100 కిలోలు అనుకోండి. సాధారణంగా వారాంతాల్లో తొక్కే మనిషి గంటల తరబడి నిలబెట్టుకోగల శక్తి 120 వాట్ల దగ్గర ఉంటుంది. ఆ శక్తితో గంటకు 400 మీటర్ల ఎత్తు ఎక్కవచ్చు. 1600 మీటర్లకు నాలుగు గంటలు ఎక్కుడుకే పోతాయి. దిగుడుకూ చదునుకూ ఇంకో మూడు గంటలు. భోజనం, నీళ్లు, ఫొటోలు, దారి తప్పడాలు కలిపితే పొద్దున తొమ్మిదికి బయలుదేరినవాళ్లు చీకటి పడ్డాక చేరతారు. సెప్టెంబరు చివర్లో అక్కడ సాయంత్రం ఏడు గంటలకే పొద్దు గుంకుతుంది. ఒక రోజైతే పట్టుబట్టి చేసేయొచ్చు. ఆరు రోజులు వరసగా చేస్తే మూడో రోజు నుంచి పక్కన ఏముందో చూసే ఓపిక ఉండదు. అంత దూరం ఖర్చుపెట్టుకుని వెళ్లేది చూడ్డానికే కదా.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. మీరు రాత్రి ఆగే ఊరు దాదాపు ఎప్పుడూ కొండ మీదే ఉంటుంది. మోంతాల్చీనో 560 మీటర్ల పైన, మోంతెపుల్చానో 600 మీటర్ల ఎత్తున, పియెంజా దాదాపు 490 మీటర్ల దగ్గర ఉన్నాయి. అలా కొండల మీద కట్టుకోవడానికి శత్రుభయం ఒక కారణమైతే, లోయల్లోని బురద నేలలూ, మలేరియా ఇంకో కారణం. పక్కనున్న వాల్ ది కియానా లోయ శతాబ్దాల పాటు పెద్ద చిత్తడి నేల. కాలువలు తవ్వి ఎండగట్టాకే అక్కడ సాగు పెరిగింది. అందుకే పాత ఊళ్లన్నీ గుట్టలెక్కి కూర్చున్నాయి. సైకిలు మీద వెళ్లేవాళ్లకు దీని ఫలితం, రోజులో అన్నిటికన్నా కష్టమైన ఎక్కుడు ఒళ్లు అలిసిపోయిన సాయంత్రం వేళకు మిగలడం. ప్లాన్ వేసేటప్పుడు మొత్తం ఎత్తుతోపాటు చివరి అయిదు కిలోమీటర్లలో ఎంత ఎత్తుందో కూడా చూడండి. నేను మొదట చూసేది ఎప్పుడూ అదే.

ఇప్పుడు దారి. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు తొక్కకండి. కియాంతి కొండల గుండా వెళ్లే 222 నంబరు రోడ్డు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఫ్లోరెన్స్ శివార్లు దాటడానికే గంట పోతుంది, పైగా 70 కి.మీ. మేర కార్లూ మోటారు సైకిళ్లూ తగులుతూనే ఉంటాయి. ప్రాంతీయ రైలెక్కితే గంటన్నరలో సియెనాలో దిగుతారు. తిరుగు ప్రయాణం కూడా అక్కడి నుంచే పెట్టుకుంటే మీ ఆరు రోజులూ అసలైన పల్లె ప్రాంతానికే దక్కుతాయి.

మొదటి రోజు సియెనా నుంచి అషానో వరకు, లౌరెతానా అని పిలిచే 438 నంబరు రోడ్డు మీద. 30 కి.మీ. లోపే. విమానం బడలిక తీరని ఒంటికి అది చాలు. ఈ రోడ్డు క్రేతె సెనేసి అనే ప్రాంతం వెన్ను మీద నడుస్తుంది. లక్షల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్న బంకమట్టే ఈ గుట్టలు. చెట్లు చాలా తక్కువ. ఒంటరిగా ఒక ఇల్లు, దాని చుట్టూ నాలుగు సైప్రస్ చెట్లు, మిగతాదంతా మలుపులు తిరిగే నేల. ఒక మాట ముందే చెప్పాలి. మీరు ఇంటర్నెట్‌లో చూసిన పచ్చటి అలల్లాంటి ఫొటోలు ఏప్రిల్, మే నెలలవి. అదంతా గోధుమ పైరు. సెప్టెంబరుకు కోతలైపోయి, దుక్కి దున్నేసి, నేలంతా బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. వాలు వెలుతురులో దున్నిన చాళ్లు గుట్ట ఒంపులన్నిటినీ గీసి చూపిస్తాయి. కానీ పచ్చదనం కోసమే వెళ్తున్నట్టయితే ప్రయాణాన్ని మేకు మార్చుకోండి.

రెండో రోజు అషానో నుంచి పియెంజా, 40-45 కి.మీ. ముందుగా కియుసూరె అనే చిన్న ఊరికి ఎక్కాలి. దాని కింద సైప్రస్ చెట్ల మధ్య మోంతె ఒలివేతో మజ్జోరె మఠం ఉంది. 1313లో మొదలైన మఠం ఇది. లోపలి వరండా గోడల మీద సన్యాసి బెనెడిక్ట్ జీవితాన్ని సిన్యొరెల్లి, సోదోమా అనే ఇద్దరు చిత్రకారులు వరస చిత్రాలుగా వేశారు. మధ్యాహ్నం మఠం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే చేరండి. తర్వాత సాన్ జొవాన్ని దాస్సో, మోంతీసి, కస్తెల్ముత్సియో మీదుగా పియెంజా. ఈ మధ్య ముక్కలో వాహనాలు చాలా తక్కువ. పెద్ద బస్సులు ఇటు రావు. ఈ యాత్ర మొత్తంలో ఒక్క దారే తొక్కే వీలుందంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

మూడో రోజు పియెంజాలోనే రెండో రాత్రి ఉండండి, సామాను గదిలో వదిలేయండి. మోంతిక్కియెల్లో మీదుగా మోంతెపుల్చానో వెళ్లి తిరిగి రావడం, 35 కి.మీ. దరిదాపు. ఫొటోల్లో కనిపించే, సైప్రస్ చెట్లతో మెలికలు తిరిగి ఎక్కే రోడ్డు మోంతిక్కియెల్లో కిందదే. ఈ చిన్న ఊరి జనం 1967 నుంచి ప్రతి వేసవిలోనూ తమ జీవితాల మీద తామే నాటకం రాసుకుని, తామే ఆడుతున్నారు. మీరు వెళ్లేసరికి ఆ సీజన్ అయిపోయి ఉంటుంది, ఊరు మాత్రం ప్రశాంతంగా దొరుకుతుంది. సాయంత్రం పియెంజా వీధుల్లో నడవండి. కోర్సిన్యానో అనే మామూలు పల్లెను, అక్కడే పుట్టి పోప్ అయిన రెండో పయస్ 1459 నుంచి శిల్పి రొస్సెల్లీనో చేత తిరిగి కట్టించాడు. ఊరి గోడ మీద నిలబడితే వాల్ దోర్చా లోయంతా, దాని వెనుక 1738 మీటర్ల అమియాతా కొండా కనిపిస్తాయి. 2004లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవినో కోటనో చూసి ఇచ్చిన గుర్తింపు కాదది. సియెనా పాలనలో రైతులు, భూస్వాములు దిద్ది తీర్చిన సాగునేల అని ఇచ్చారు.

నాలుగో రోజు మోంతాల్చీనో. ఇక్కడ రెండు దారులున్నాయి, నిర్ణయం ఆ పొద్దున తీసుకోండి. తేలికైనది: సాన్ క్విరికో, తొర్రెనియెరి మీదుగా నేరుగా వెళ్లడం. 25 కి.మీ. దాకా ఉంటుంది, చివర్లో ఒక పెద్ద ఎక్కుడు. కష్టమైనది: సాన్ క్విరికో నుంచి బాన్యో విన్యోని, కస్తిల్యోనె దోర్చా, అక్కడి నుంచి నది దాకా పొడవాటి దిగుడు, మళ్లీ కస్తెల్నువోవో దెల్లబాతెకు ఎక్కి, పొలాల మధ్య ఒంటరిగా నిలిచిన సాంతాంతిమో రాతి చర్చి చూసి, మోంతాల్చీనోకు ఇంకో ఎక్కుడు. 50 కి.మీ. దగ్గర పడుతుంది, ఎత్తు వెయ్యి మీటర్లు దాటుతుంది. ఏ దారైనా బాన్యో విన్యోని మాత్రం వదలకండి. ఊరి నడిమధ్య బజారు ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు. ఆ నీళ్లే ఊరి చివర పాత పిండిమరల పక్క నుంచి సన్నటి కాలువల్లో పారతాయి, అక్కడ కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు.

అయిదో రోజు మోంతాల్చీనో నుంచి సియెనా. బువోన్‌కొన్వెంతో దాకా దిగి, ఓపిక ఉంటే ముర్లో, రాది వైపు మట్టిరోడ్ల మీదుగా, లేకపోతే అక్కడి రైల్వే స్టేషన్ నుంచి సియెనా. ఆ లైన్లో రైళ్లు తక్కువ, ఆదివారాలు ఇంకా తక్కువ, ముందురోజే టైములు చూసుకోండి. ఆరో రోజు ఖాళీగా ఉంచుకోండి. వాన వల్ల ఒక రోజు పోతే అది ఇక్కడ సర్దుకుంటుంది. పోకపోతే సామాను లేకుండా బ్రోలియో కోట దాకా వెళ్లి రండి, కియాంతి ద్రాక్షతోటలు కూడా చూసినట్టవుతుంది. సెప్టెంబరు చివర అంటే ద్రాక్ష కోతల కాలం, ఇరుకు రోడ్ల మీద ట్రాక్టర్లు ఎదురవుతాయి. పక్కకు జరిగి దారివ్వండి, వాళ్లకు ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజులవి.

మొత్తం 250 కి.మీ. లోపే తేలుతుంది. మీరు అనుకున్న 540తో పోలిస్తే సగం కూడా లేదు. ఎత్తు మాత్రం నాలుగు వేల మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి చిన్న యాత్ర అనుకోవద్దు.

తెల్ల మట్టిరోడ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. వాటిని అక్కడ స్త్రాదె బియాంకె అంటారు. సున్నపురాయి కంకర పరిచి చదును చేసిన దారులు. ఇవి ఈ రోజుకీ మిగలడంలో సైకిళ్ల పాత్ర ఉంది. రోడ్లన్నిటికీ తారు వేసేస్తున్న రోజుల్లో, జాన్‌కార్లో బ్రొచ్చి అనే ఆయన 1997లో కియాంతిలోని గయోలె ఊరి నుంచి పాతకాలపు సైకిళ్లతో లెరోయికా అనే సవారీ మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చింది 92 మంది. ఇప్పుడు అక్టోబరు మొదటి ఆదివారం వేలమంది వస్తారు, 1987కి ముందు తయారైన సైకిళ్లు ఉండాలన్నది నియమం. దాని నుంచే 2007లో వృత్తి క్రీడాకారుల స్త్రాదె బియాంకె పోటీ పుట్టింది, అది మార్చిలో జరుగుతుంది. లెరోయికా 209 కి.మీ. దారికి ఏడాది పొడవునా బోర్డులున్నాయి, ఎవరైనా ఎప్పుడైనా తొక్కవచ్చు. నేను చెప్పిన అయిదో రోజు మట్టిరోడ్లు కొంతవరకు ఆ దారిలోవే. పేరు విని మోంతె సాంతె మరియె అనే ముక్కకు వెళ్లాలనిపిస్తుంది. అషానో దగ్గర 11.5 కి.మీ. మట్టిరోడ్డు, కొన్నిచోట్ల వాలు 18 శాతం. బ్యాగులతో మాత్రం వద్దు, ఖాళీ సైకిలుతో అయితే తప్పక చూడదగ్గదే.

ఎండ రోజుల్లో ఈ రోడ్లు గట్టిగా ఉంటాయి. రెండు జాగ్రత్తలు చాలు. దిగుడు మలుపుల్లో కంకర వదులుగా పేరుకుని ఉంటుంది, మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయాలి. నిటారు ఎక్కుడులో సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే తొక్కాలి. వాన పడితే కథ మారుతుంది. కంకర ఉన్న రోడ్డు ఫర్వాలేదు, కంకర లేని పొలం బాటలోకి వెళ్తే ఆ బంకమట్టి మన నల్లరేగడి లాగే టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, చక్రం తిరగనివ్వదు. మొబైల్ మ్యాప్ దగ్గర దారి అని అలాంటి బాటలోకి పంపుతుంది. వాన పడ్డాక రెండు రోజుల పాటు దాని మాట వినకండి, తారు రోడ్డు పట్టుకోండి. ఫ్లోరెన్స్-సియెనా సూపర్‌స్ట్రాదా అనే వేగవంతమైన పెద్ద రోడ్డు మీదకు మాత్రం మ్యాప్ చూపించినా వెళ్లకండి, సైకిళ్లకు అక్కడ ప్రవేశం లేదు.

సైకిళ్లు ఇక్కడి నుంచి తీసుకెళ్లకండి. ఆరు రోజుల కోసం పెట్టె, విమాన చార్జీలు, అక్కడ దాన్ని దాచే చోటు, ఇంత టెన్షన్ అనవసరం. సియెనాలో, ఫ్లోరెన్స్‌లో అద్దెకు మంచి సైకిళ్లు దొరుకుతాయి. సీటు, పెడళ్లు అలవాటైనవే కావాలంటే వాటిని విప్పి తీసుకెళ్లండి. బుక్ చేసేటప్పుడు బ్రాండ్ అడగడం కన్నా ముఖ్యంగా అడగాల్సింది ఒకటుంది: ముందు చిన్న చైన్‌రింగ్‌కు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి) ఎన్ని పళ్లు, వెనక క్యాసెట్‌లో (వెనక చక్రం మీది పళ్ల చక్రాల వరసలో) పెద్దదానికి ఎన్ని పళ్లు? ముందు 34, వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కి.మీ. వేగం. 10 శాతం ఎక్కుడులో 100 కిలోలతో ఆ వేగానికి 200 వాట్లు దాటాలి. మీరు అంత ఇవ్వలేకపోతే తిప్పే వేగం తగ్గుతుంది, మోకాళ్ల మీద భారం పడుతుంది. ముందు 30, వెనక 36 లేదా అంతకన్నా పెద్దది ఉంటే గంటకు ఆరు కిలోమీటర్లతో నిదానంగా ఎక్కేయొచ్చు. మోకాలు నొప్పితో మధ్యలో ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది పెద్ద గేరు సైకిళ్లతో వచ్చినవాళ్లే. టైర్లు 38-42 మి.మీ. వెడల్పు ఉండాలి. బ్యాగులు ఇద్దరికీ కలిపి 15 కిలోలు మించకుండా చూసుకోండి. రాత్రి ఉతుక్కుంటే పొద్దునకు ఆరే బట్టలు రెండు జతలు సరిపోతాయి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెబుతాను. మన దగ్గర సైకిళ్లకు కుడి చేతి లివర్ ముందు బ్రేకు. అక్కడి అద్దె సైకిళ్లలో ఎక్కువగా ఎడమ చేతిది ముందు బ్రేకు. దానికి తోడు వాహనాలు కుడివైపున నడుస్తాయి. కంకర దిగుడులో కంగారుగా ఎడమ చెయ్యి నొక్కితే ముందు చక్రం జారి కింద పడతారు. షాపులోనే లివర్లు చూసుకోండి, అడిగితే మార్చి ఇస్తారు. రోడ్డు మీద ఊరి బయట ఒకరి వెనుక ఒకరుగా వెళ్లాలన్నది అక్కడి చట్టం. చీకటి పడ్డాక ఊరి బయటా, సొరంగాల్లోనూ మెరిసే జాకెట్టు తప్పనిసరి.

సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట సీజన్ మొదలవుతుంది. పొద్దున్నే తుపాకీ చప్పుళ్లు వినిపిస్తే భయపడకండి, ముదురు రంగు బట్టలు మాత్రం వద్దు, దూరానికి కనిపించే రంగులు వేసుకోండి. మంగళ, శుక్రవారాల్లో దేశమంతటా వేట నిషేధం, అడవి దారులకు ఆ రోజులు మంచివి. పియెంజా చుట్టుపక్కల గొర్రెల మందలకు పెద్ద తెల్ల కుక్కలు కాపలా ఉంటాయి. అవి అరుస్తూ వస్తే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నెమ్మదిగా నడిచి దాటండి. మందకు దూరమయ్యామని తెలియగానే అవే ఆగిపోతాయి.

తిండి విషయంలో శాకాహారులకు ఇటలీలో ఇది సుఖమైన ప్రాంతం, సమయాలు పాటిస్తే చాలు. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా. ఆ తర్వాత రాత్రి ఏడున్నర వరకు వంటిల్లు మూసేస్తారు. పల్లెల్లో కిరాణా కొట్లు కూడా ఒంటిగంట నుంచి నాలుగు దాకా కట్టేసి ఉంటాయి. ఎక్కుడులో మూడు గంటలకు ఆకలేస్తే దొరికేది అక్కడ బార్ అని పిలిచే కాఫీ కొట్టులో కాఫీ, బిస్కట్లే. అందుకని పొద్దున్నే జున్ను, టమాటాలు పెట్టిన రొట్టె కట్టించుకుని బ్యాగులో వేసుకోండి. వంటకాల్లో పీచి అనే లావుపాటి సేమ్యాను వెల్లుల్లి, టమాటాతో చేసిన పీచి అల్లాల్యోనె అడగండి. వాల్ ది కియానాలో పండే పెద్ద వెల్లుల్లితో చేస్తారు. రిబొల్లీతా అనే బీన్స్, ఆకుకూర, రొట్టె కలిపి ఉడికించిన చారు కడుపు నింపుతుంది, కానీ కొన్నిచోట్ల మాంసం రసం వాడతారు. "సెంత్సా కార్నె, సెంత్సా బ్రోదో ది కార్నె" అంటే మాంసం వద్దు, మాంసం రసమూ వద్దు అని. చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. పియెంజా గొర్రెపాల జున్ను, పర్మెజాన్ లాంటివి సాధారణంగా దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో గడ్డకట్టిస్తారు. అది పట్టింపు ఉంటే ముందే తెలిసి ఉండాలి.

టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. చెమట పట్టి తొక్కే రోజు ఒంటికి ఉప్పు కావాలి, కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లండి. మన కంది పొడి, నువ్వుల పొడి కూడా పట్టుకెళ్లండి. ఆ చప్పటి రొట్టెకు అక్కడి ఆలివ్ నూనెలో కలిపిన కంది పొడి అద్దుకుంటే మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే. నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు. నీళ్లకు ఊరి కుళాయిలున్నాయి. నాన్ పొతాబిలె అని రాసి ఉంటే తాగకూడదు. ఊరు దొరకని చోట శ్మశానవాటిక కనిపిస్తే లోపల పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది, అక్కడి సైక్లిస్టులందరూ సీసాలు నింపుకునేది అక్కడే.

బసకు అగ్రితురిస్మో అనే రైతుల ఇళ్లు బాగుంటాయి, కానీ ఒక్కటి కచ్చితంగా అడగండి, రాత్రి భోజనం పెడతారా అని. పెట్టకపోతే భోజనానికి ఊళ్లోకి వెళ్లి, చీకట్లో మట్టిరోడ్డు మీద తిరిగి రావాల్సి వస్తుంది. భోజనం లేని చోట అయితే ఊరి గోడల లోపలే గది తీసుకోండి. ఒక్క రాత్రికి గది ఇవ్వడానికి కొందరు ఇష్టపడరు, పియెంజాలో రెండు రాత్రులు పెట్టడానికి అది కూడా ఒక కారణం.

రైళ్లలో, సైకిల్ గుర్తు ఉన్న ప్రాంతీయ రైలు ఎక్కండి. సైకిలుకు విడిగా టికెట్ కొనాలి. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. వేగంగా వెళ్లే ఫ్రెచ్చా రైళ్లలో మామూలు సైకిలును విప్పి సంచిలో పెడితేనే రానిస్తారు. రోమ్ నుంచి వచ్చేట్టయితే కియూసిలో రైలు మారి సియెనా వెళ్లవచ్చు. ఆ లైను అషానో మీదుగానే పోతుంది, అలసిపోయిన రోజున అది కూడా పనికొస్తుంది.

తయారీకి మీకు మూడు నెలలు చాలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు మీకు దగ్గర. హార్స్‌లీ హిల్స్ లాంటి ఘాట్ రోడ్డు ఒకసారి ఎక్కి దిగడం మంచిదే, కానీ టస్కనీ స్వభావం వేరు కాబట్టి కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఉన్న నిటారు రోడ్డును ఎంచుకుని, ఒకే ఉదయం మళ్లీ మళ్లీ ఎక్కడం ఎక్కువ పనిచేస్తుంది. అలా 600-700 మీటర్ల ఎత్తు కూడగట్టండి, మర్నాడు కూడా అదే చేయండి. రెండో రోజు కాళ్లు ఎలా ఉన్నాయన్నదే మీ అసలు పరీక్ష. బయలుదేరే ముందు గుండె పరీక్ష ఒకటి చేయించుకోండి, ఈ వయసులో అది అందరికీ చెప్పే మాటే.

ఇక మీ ఆవిడ ఈ-బైక్ సంగతి. తప్పేమీ లేదు, నన్నడిగితే చాలా మంచి ఆలోచన. ఇద్దరి శక్తిలో తేడా ఉన్న జంటల్లో ఒకరు ప్రతి గుట్ట పైనా ఎదురుచూడటం, ఇంకొకరు ఊపిరాడకుండా వచ్చి చేరగానే మళ్లీ బయలుదేరడం, ఇలా రెండు రోజులు గడిస్తే మాటలు తగ్గిపోతాయి. యూరప్ చట్టం ప్రకారం ఈ-బైక్ మోటారు 250 వాట్లు, గంటకు 25 కి.మీ. దాటితే సాయం ఆగిపోతుంది, తొక్కకపోతే కదలదు. కాబట్టి వ్యాయామం ఆమెకూ ఉంటుంది. 500 వాట్-అవర్ల బ్యాటరీ నేను చెప్పిన దూరాలకు సరిపోతుంది. కానీ ఎక్కువ సాయం మోడ్‌లోనే పెట్టి తొక్కితే నాలుగో రోజు కష్టమైన దారిలో చివరి ఎక్కుడుకు ముందే అయిపోవచ్చు. సాంతాంతిమో దగ్గర బ్యాటరీ చూసుకోండి. అంత పెద్ద బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు, కాబట్టి ఈ-బైక్ అద్దెకే తీసుకోవాలి. బరువైన బ్యాగులు కూడా దాని మీదే వేయండి, అప్పుడు మీ ఇద్దరి వేగం దాదాపు కలిసిపోతుంది. గదులు బుక్ చేసేటప్పుడు చార్జింగ్‌కు ప్లగ్ ఉన్న, తాళం వేసే షెడ్డు ఉందా అని కూడా అడగండి. పాత కోట ఊళ్లలో గది మూడో అంతస్తులో ఉండి, లిఫ్టు లేకపోవడం మామూలే, 25 కిలోల సైకిలును ఆ మెట్ల మీద మోయడం కుదరదు.